పనీ పాటా ఎక్కడ విడిపోయాయి? తెలుగులో శ్రమ కవిత్వం నడిచిన దారి

ఏటా మే 1 దగ్గర పడుతుంటే పత్రికల సాహిత్య పేజీల్లో, ఫోన్లలో శ్రమ మీద కవితలు వరస కడతాయి. వాటిలో చెమట ఉంటుంది, నెత్తురు ఉంటుంది, పిడికిలి ఉంటుంది. ఏ పని గురించి రాశారో మాత్రం చాలాసార్లు తెలియదు. తాపీ పనివాడి చెమటకూ బీడీలు చుట్టే ఆమె చెమటకూ తేడా కనబడదు. ఇంకోవైపు, పొలాల్లో వినిపించే పాటలు ఏమైపోయాయన్న ప్రశ్న పదేపదే వస్తుంటుంది. చూడటానికి ఇవి రెండు వేర్వేరు ఫిర్యాదులు. కానీ వీటి వేరు ఒకటే: పనికీ పాటకూ మధ్య ఉన్న ముడి వీడిపోవడం.

క్లుప్తంగా: ఒకప్పటి పాట పనిలో ఒక పనిముట్టు. పని నడవాలంటే అది కావాలి. యంత్రం వచ్చి ఆ అవసరం తీరిపోయాక పాట వేదిక మీదికి వెళ్ళింది, పని కాగితం మీది కవితలోకి వచ్చింది. ఆ బదిలీలో గొంతు పనిచేసేవాళ్ళ నుంచి పనిని చూసేవాళ్ళకు మారింది. తిరిగి పనిచేసేవాళ్ళ గొంతు వినిపించిన చోటల్లా పనిముట్ల పేర్లు, వస్తువుల పేర్లు కూడా వెంట వచ్చాయి. కవిత్వం బలం అక్కడే తేలుతోంది.

రోకటి పోటుకు ఒక మాట

తెలుగులో ‘పనీపాటా’ అన్న జంటపదం ఉంది. ‘పనీపాటా లేనివాడు’ అని తిట్టేటప్పుడు కూడా ఆ రెంటినీ విడదీయం. ఆ రెండో మాటలో పాడే పాటా వినిపిస్తుంది, పడే పాటూ వినిపిస్తుంది.

ఆ ముడి ఎలా పనిచేసేదో తెలియాలంటే దంపుళ్ళ పాట దగ్గరికి వెళ్ళాలి. ఒకే రోటిలో ఇద్దరు ఆడవాళ్ళు వడ్లు దంచుతుంటారు. ఒకరి రోకలి పైకి లేస్తున్నప్పుడు ఇంకొకరిది కిందికి దిగాలి. క్షణం తప్పితే రోకళ్ళు రెండూ కొట్టుకుంటాయి, లేదా చెయ్యి నలుగుతుంది. ముగ్గురు దంచితే లెక్క ఇంకా కష్టం. ఆ లెక్కను కంటితో పట్టుకోవడం కుదరదు, చెవితో పట్టుకోవాలి. అందుకే ‘సువ్వి’ అన్న మాట. రోకలి దిగేటప్పుడు ఊపిరి బయటికి వదిలే చోట ఆ మాట పడుతుంది. అర్థం కోసం వెతికితే ఆ మాటలో పెద్దగా ఏమీ దొరకదు. అది ఊపిరికి కట్టిన గుర్తు. వరసలో తర్వాత వచ్చే మాటలు మారుతుంటాయి: అత్తింటి సంగతి, పుట్టింటి సంగతి, రాముడి పెళ్ళి. ‘సువ్వి’ మాత్రం కదలదు, ఎందుకంటే రోకలి పోటు కదలదు.

ఈ లయకు ఎంత పట్టు ఉండేదంటే, 15వ శతాబ్దంలో అన్నమయ్య దాన్ని అలాగే తీసుకుని కీర్తన కట్టాడు. వడ్ల బదులు అందులో వలపులు దంచుతారు. ‘సువ్వి’, ‘ఓలాల’ మాత్రం రోటి దగ్గర ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వినేవాళ్ళకు ఆ తూగు చేతుల్లోనే ఉంది కాబట్టి కీర్తన కొత్తగా నేర్చుకోవలసిన పని లేకపోయింది.

పని లయ నుంచే పాట పుట్టిందన్న వాదాన్ని 1896లో జర్మన్ ఆర్థికవేత్త కార్ల్ బ్యూషర్ ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. పాటలన్నీ పనిలోంచే వచ్చాయని చెప్పడం అతిగానే ఉంటుంది. లాలిపాట, పెళ్ళిపాట, దేవుడి పాట వేరే దారుల్లో వచ్చాయి. కానీ దంపుడు, తిరగలి విసరడం, వల లాగడం, పడవ నడపడం, మోట తోలడం (ఎద్దులతో బావి నీళ్ళు తోడటం) వంటి వాటికి ఆ సిద్ధాంతం అతుకుతుంది. వల లాగేటప్పటి ‘హైలెస్సా’లో అర్థం వెతకరు. అందరి బలమూ ఒకే క్షణంలో తాడు మీద పడటమే దాని ప్రయోజనం.

వంత పాడేలోగా

నాట్ల పాట తీరు వేరు. అక్కడ రోకలి పోటు లాంటి గట్టి దెబ్బ లేదు. నడుం వంచి, ఎడమ చేతిలో నారు పట్టుకుని, కుడి చేత్తో మొక్కలు బురదలో గుచ్చుతూ వరసంతా కలిసి వెనక్కి జరుగుతుంది. ఒకరు వెనకబడితే వరస వంకర పోతుంది. ఇక్కడ పాట చేసే పని అందరినీ ఒకే నడకలో ఉంచడం, గంటల తరబడి వంగిన నడుం సంగతి కాసేపు మరిపించడం.

ఒకామె ముందు అందుకుంటుంది, మిగతావాళ్ళు వంత పాడతారు. ‘ఉయ్యాలో’, ‘వలలో’ లాంటి పల్లవి ముక్కలు అందుకే. గుంపు వంత పాడేలోగా ముందు పాడే ఆమెకు తర్వాతి చరణం గుర్తు తెచ్చుకోవడానికో, అప్పటికప్పుడు కట్టుకోవడానికో వ్యవధి దొరుకుతుంది. అంటే వంత అన్నది ఒక్క సంగీతపు ఏర్పాటే అనుకోనక్కర్లేదు, కవికి ఊపిరి తీసుకునే సందు కూడా. రాతలేని చోట దీర్ఘమైన కథాగేయాలు నిలబడింది ఈ సందు వల్లే.

ఈ పాటలను కవిత్వంగా లెక్కలోకి తీసుకోవడానికి పండితులకు చాలా కాలం పట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసింది 1950లలో. అప్పటికే ఊళ్ళలో బియ్యం మిల్లులు తిరుగుతున్నాయి. దంపుళ్ళ పాట పుస్తకానికి ఎక్కే సరికి రోకలి మూలన పడటం మొదలైంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పాట పోయిందని బాధపడేవాళ్ళలో ఎక్కువమంది రోకలి పట్టనివాళ్ళే. దంపుడు ఒళ్ళు హూనం చేసే పని. మిల్లు రావడంతో పాట పోయింది నిజమే, భుజాల నొప్పి కూడా పోయింది. పోచంపల్లి వైపు చిటికీ చీరలకు (నూలుకు ముడులు కట్టి రంగులద్ది నేసేవి) ‘ఆసు’ పోసే పని, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని, దీనికి దగ్గరి ఉదాహరణ. ఒక్క చీర నూలుకు చెయ్యి సుమారు 9,000 సార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి. ఆ పని చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 9,000 సార్లు ఆడే చేతిలో లయ ఉంది కదా అని ఆ చేతిని అలాగే ఆడించాలని ఎవరూ కోరరాదు.

పద్యంలోకి వచ్చిన పొలం

పని పాట పొలంలో ఉండగా, పద్యం రాజసభలో ఉండేది. అందుకని పద్యకవిత్వంలో పొలం లేదనుకోవడం పొరపాటు. శ్రీనాథుడిదిగా చెప్పుకునే ఒక చాటు పద్యంలో (జనం నోళ్ళలో తిరిగే విడి పద్యం) తెలుగులో మొదటి పంట నష్టం ఫిర్యాదు అనదగినది ఉంది. కవి బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకున్నాడు. పంట పోయింది. కట్టవలసిన శిస్తు ఏడు వందల టంకాలు (నాణేలు). ‘కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము, బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు’ అంటాడు. కృష్ణ వరద కొంత తీసుకుపోయింది, నువ్వులూ పెసలూ పిట్టల పాలయ్యాయి, శిస్తు ఎలా కట్టాలి? ఐదారు వందల ఏళ్ళ నాటి ఈ పద్యంలో వరద, పురుగూ పుట్రా స్థానంలో పిట్టలు, కౌలు, బాకీ, అన్నీ ఉన్నాయి. ఇవాళ్టి కౌలు రైతు చదివినా తన సంగతేనంటాడు. అంత బలం రావడానికి కారణం నువ్వులూ పెసలే. ‘పంట నష్టపోయాను’ అని ఊరుకుని ఉంటే ఆ పద్యం ఇన్నాళ్ళు నిలిచేది కాదు.

పోతనదిగా చెప్పే చాటువు ఇంకో రకం. కావ్యకన్యకను దుర్మార్గులైన రాజులకు ఇచ్చి ఆ కూడు తినడం కంటే ‘సత్కవుల్ హాలికులైననేమి’ అని అడుగుతుంది. ఇక్కడ సేద్యం ఒక పనిగా కంటే ఒక మర్యాదగా వస్తుంది. నాగలి పట్టడంలో ఉన్న ఆత్మగౌరవం మీద చూపు. ఎద్దుల మీద, దుక్కి మీద కాదు. ఈ రెండు చాటువుల మధ్య తేడా ఆ తర్వాతి శ్రమ కవిత్వమంతటా కనిపిస్తుంది: ఒకటి పని లోపలి నుంచి మాట్లాడుతుంది, ఒకటి పనిని ఆదర్శంగా నిలబెడుతుంది.

20వ శతాబ్దం మొదట్లో నెల్లూరు సీమ రైతు, ‘కవికోకిల’ దువ్వూరి రామిరెడ్డి ‘కృషీవలుడు’ రాశాడు. సేద్యం చేసిన కవి కావడం వల్ల రైతు కావ్యనాయకుడయ్యాడు. కానీ రైతు అంటే భూమి ఉన్నవాడు. భూమి లేని కూలీ, పాలేరు, చెప్పులు కుట్టేవాడు పద్యం మధ్యలోకి రావడానికి వేరే గొంతులు కావలసి వచ్చింది. గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ ఊరూరా మోగుతున్న కాలంలో, రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనము’ అని బదులు పాడాడు. జనం నోళ్ళలో నానుతున్న ఎత్తుగడను తీసుకుని, అందులో పాలేరుతనాన్ని పెట్టాడు. ఒక పాట ఎత్తుగడ ఇంకో పాటను మోసుకుపోవడం నాట్ల చేలలో నిత్యం జరిగేదే. ఆ పద్ధతి ఇక్కడ రాజకీయంలోకి వచ్చింది.

1941లో వచ్చిన జాషువా ‘గబ్బిలం’లో ఇంకా పెద్ద మార్పు జరిగింది. గుడిలోకి రానివ్వని మనిషి తన కబురు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి పంపుతాడు, గబ్బిలానికి గుడిలో అడ్డు లేదు కనుక. ఆ మనిషి గురించిన పద్యంలో ‘వాని రెక్కల కష్టంబు లేనినాడు సస్యరమ పండి పులకింప సంశయించు’ అన్న పాదాలున్నాయి. ‘సస్యరమ’, ‘పులకింప’ కావ్యభాష. ‘రెక్కల కష్టం’ వాడలో మాట. కూలీనాలీ చేసుకునేవాళ్ళు తమ బతుకును చెప్పుకునే మాటే అది. తేటగీతి అనే పద్య ఛందస్సు నడకలో ఆ మాట పక్కన ఆ కావ్యభాష చేరి నిలబడింది. జాషువా పద్యం ఇప్పటికీ గొంతెత్తి చదివితే గుండె పట్టడానికి కారణం ఈ చేరికే.

నాగలి నడక, ఊరేగింపు నడక

శ్రమ కవిత్వం అనగానే ఎక్కువమందికి ముందు గుర్తొచ్చేది శ్రీశ్రీ. 1950లో పుస్తకంగా వచ్చిన ‘మహాప్రస్థానం’లోని ‘ప్రతిజ్ఞ’ గీతం మొదటి పాదాలను మాత్రలు (అక్షరాలు పలికే కాలపు కొలతలు) వేసి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ‘పొలాలనన్నీ’ ఎనిమిది మాత్రలు. ‘హలాల దున్నీ’ ఎనిమిది. ‘ఇలాతలంలో’ ఎనిమిది. ‘హేమం పిండగ’ ఎనిమిది. ప్రతిదీ నాలుగూ నాలుగుగా సరిగ్గా విరుగుతుంది. ఎడమ కాలు, కుడి కాలు.

ఇది దుక్కి దున్నేవాడి నడక కాదు. దుక్కిలో ఎద్దులు ఆగుతాయి, చాలు చివర మలుపు తిరగాలి, మేడి గట్టిగా నొక్కాలి. అడుగు సమంగా పడదు. ఎనిమిదేసి మాత్రల ఈ నడక ఊరేగింపుది. పని గురించిన పాటే, కానీ లయ పనిలోంచి రాలేదు, కలిసి నడిచే జనంలోంచి వచ్చింది. అది లోపం కాదు. శ్రీశ్రీ రాస్తున్నది దుక్కి సాగడానికి కాదు, దున్నేవాడి చెమటకు ఖరీదు కట్టలేమని లోకానికి చెప్పడానికి. ప్రయోజనం మారింది, లయ మారింది.

మాటలు కూడా మారాయి. హలం, హేమం, ఘర్మజలం అన్నవి పొలంలో వినపడే మాటలు కావు. దున్నేవాడు నాగలి అంటాడు, చెమట అంటాడు. అయితే అదే గీతం ముందుకు పోయేకొద్దీ కమ్మరి కొలిమి, కుమ్మరి చక్రం, జాలరి పగ్గం, సాలెల మగ్గం వరసగా వస్తాయి. గొడ్డలి, రంపం, కొడవలి, నాగలి వస్తాయి. ఆ జాబితా దగ్గర కవిత నేల మీదికి దిగుతుంది. తర్వాతి తరాల్లో శ్రీశ్రీ బాటలో రాసిన చాలామంది మొదటి పాదాల ఊపును పట్టుకున్నారు, జాబితాను వదిలేశారు. మే నెల కవితల్లో చెమట ఉండి పని లేకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అదే కాలంలో తెలంగాణలో పాట ఇంకో దారిలో నడిచింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి చదువు రాని జనంతో మాట్లాడే సాధనం కావాలి. చేలలోని వంత పద్ధతి సభల్లోకి వచ్చింది: ఒకరు అందుకుంటే వందమంది తిరిగి పాడటం. సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట ‘మా భూమి’ సినిమా వల్ల తర్వాతి తరాలకూ అందింది. పసులు కాసే జీతగాడైన పిల్లవాడిని ఆ పాట ఒక్కో వస్తువుగా చూపిస్తుంది. చాలీచాలని చింపులంగీ. తలమీద గోనె కొప్పెర. కాళ్ళకు తాటి జెగ్గల జోడు. చేతిలో కర్ర. వెట్టి ఎంత దుర్మార్గమో పాట ఎక్కడా ఉపన్యసించదు. తాటిమట్టతో చేసుకున్న చెప్పులు తొడుక్కుని తప్పటడుగులు వేసే పిల్లవాడు కళ్ళ ముందు నిలబడ్డాక ఉపన్యాసం అక్కర్లేదు.

గిన్నె మీద పేరు

ఇంత కవిత్వంలోనూ ఒక పని దాదాపు కనపడదు: వంట. కూలి లేని పని కనుక శ్రమ లెక్కలోకి రాలేదు. కార్మికుడి మీద కవితలు రాసినవాళ్ళకు ఆ పూట అన్నం వండిపెట్టింది ఎవరన్న ప్రశ్న 1980ల నుంచి వచ్చిన స్త్రీవాద కవిత్వం అడిగింది.

విమల ‘వంటిల్లు’ కవిత ఈ మలుపులో అందరికీ గుర్తున్నది. అందులో తల్లి వంటింటి సామ్రాజ్యానికి రాణి. కానీ చివరికి ‘వంటింటి గిన్నెలన్నింటిపైనా మా నాన్న పేరే’. తెలుగిళ్ళలో ఇత్తడి, స్టీలు సామాను కొన్నప్పుడు దుకాణంలోనే పేరు చెక్కించుకోవడం మామూలు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు గిన్నె ఊరంతా తిరిగి వచ్చినా ఎవరిదో తెలియడానికి ఆ ఏర్పాటు. జీవితమంతా ఆ గిన్నెను తోమిన చెయ్యి ఒకరిది, దాని మీద పేరు ఇంకొకరిది. వస్తువు అందరి ఇంట్లోనూ ఉంది, అందరూ రోజూ చూస్తున్నారు. అది ఆస్తికీ శ్రమకూ మధ్య దూరానికి గుర్తు అని కవి చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు.

1990లలో ముందుకొచ్చిన దళిత కవిత్వానిదీ ఇదే మార్గం. డప్పు, చెప్పు, తోలు, ఆరె (తోలు కుట్టే సూది) వంటి మాటలు కవితకు వస్తువులుగానూ ఆయుధాలుగానూ వచ్చాయి. పనికి కులం ఉన్న సమాజంలో పనిముట్టు పేరు పలికితేనే మనిషి ఏ వాడ నుంచి మాట్లాడుతున్నాడో తెలుస్తుంది. అందుకే ‘శ్రామికుడు’ అన్న ఉమ్మడి మాట ఈ కవులకు చాలలేదు.

అవే పనిముట్లు, ఇంకో కాలం

శ్రీశ్రీ జాబితా ఇచ్చిన అర్ధశతాబ్దానికి అవే పనిముట్లు ఇంకో పాటలో తిరిగి కనిపించాయి. ‘కుబుసం’ సినిమా ద్వారా ఊరూరా వినిపించిన గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటలో ‘కుమ్మరి వామిలో తుమ్మలు మొలిసెను, కమ్మరి కొలిమిలో దుమ్ము పేరెను’ అన్న చరణం ఉంది. సాలెల మగ్గమూ వస్తుంది, విరిగిపోయి.

రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిదాంట్లో కొలిమి, చక్రం, మగ్గం కొత్త లోకానికి ధ్వజాలు. రెండోదాంట్లో వాటి మీద దుమ్ము. మధ్యలో జరిగింది మార్కెట్ మార్పు: ప్లాస్టిక్ బిందె కుండను తోసేసింది, ఫ్యాక్టరీ ఇనుప సామాను కొలిమిని ఆర్పింది, పవర్‌లూమ్ చేనేతను మింగింది. ఈ క్రమాన్ని ఆర్థికశాస్త్రం పేజీల్లో చెబుతుంది. వామిలో తుమ్మ మొలిచిందన్న మాట ఒక్క పాదంలో చెబుతుంది. కుండలు కాల్చే వాములో తుమ్మ మొక్క లేచి నిలబడాలంటే అక్కడ ఏళ్ళ తరబడి నిప్పు పడలేదని అర్థం. ఇది పనిని దగ్గరగా ఎరిగిన కన్ను.

పనిముట్టుతో పాటు దాని చుట్టూ ఉన్న మాటలూ పోతాయి. మగ్గం ఉన్న ఇంట్లో పడుగు, పేక, నాడె, అచ్చు అన్నవి పిల్లలకు కూడా తెలిసిన మాటలు. మోట పోయాక ఆ మాటే నిఘంటువు పదం అయింది. కవికి ఉపమానం చేతికందే దూరంలో లేకుండా పోవడం వెనక ఈ నష్టం ఉంది. ఎంత మంచి కవి అయినా తనకు పేరు తెలియని వస్తువును కవితలో పెట్టలేడు.

ఉమ్మడి లయ లేని పనులు

ఇప్పటి పనుల్లో పాట ఎందుకు పుట్టడం లేదన్న ప్రశ్నకు జవాబు పనుల తీరులోనే ఉంది. దంపుడులో ఇద్దరి చేతులు ఒక లయ మీద ఉండాలి. కంప్యూటర్ ముందు కూర్చున్న పదిమందికి ఉమ్మడి లయ అక్కర్లేదు. ఎవరి చెవుల్లో వాళ్ళ ఇయర్‌ఫోన్. పార్సిల్ తెచ్చే కుర్రాడు ఒంటరిగా తిరుగుతాడు, అతని వేగాన్ని నిర్ణయించేది ఫోన్‌లోని గడియారం. నాట్లలోకి యంత్రాలు వస్తున్నాయి. యంత్రం రాని చోట, తెలంగాణలో చాలా ఊళ్ళకు బీహార్, బెంగాల్ వంటి రాష్ట్రాల నుంచి కూలీల ముఠాలు వస్తున్నాయి. వాళ్ళకు వాళ్ళ పాటలున్నాయి, అవి తెలుగు పాటలు కావు.

పాట పూర్తిగా ఆగలేదు, దాని చోటు మారింది. తెలంగాణ జానపదం యూట్యూబ్‌లో ముమ్మరంగా నడుస్తోంది. వాటిలో చాలా పాటలకు నేపథ్యం పొలమే. అయితే అక్కడ నాటు వేయడం పాట కోసం జరుగుతుంది, ఒకప్పుడు పాట నాటు కోసం జరిగేది. అవి చూడటానికి కట్టిన పాటలు. వాటిని పని పాటల కొలతతో తూచకూడదు.

ఫ్యాక్టరీ పనిలోంచి కవిత్వం రాదన్న అభిప్రాయం మాత్రం నిలవదు. చైనాలో షెన్‌జెన్ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసిన షు లిజి 24 ఏళ్ళకే, 2014లో చనిపోయాడు. ఓవర్‌టైమ్ రాత్రి నేల మీద పడ్డ ఒక మర మేకు మీద ఆయన కవిత లోకమంతా తిరిగింది. అసెంబ్లీ లైన్‌కు పాట కట్టలేకపోయినా దానిలో నిలబడ్డవాడికి మర మేకు కనిపించింది. పక్కన నిలబడి చూసేవాడికి అది కనిపించే అవకాశం తక్కువ.

తెలుగులో దీనికి దగ్గరగా ఉన్నది గల్ఫ్ పాట. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి దుబాయి, సౌదీ, ఖతర్ వెళ్ళినవాళ్ళ బతుకు మీద వచ్చిన పాటల్లో ఏజెంటు, వీసా, క్యాంపు, కఫీల్ (అక్కడ వీసాకు పూచీ ఉండే యజమాని) వంటి మాటలున్నాయి. ఇవేవీ నిఘంటువులోని కావ్యపదాలు కావు. కానీ ఇంట్లో అప్పు, ఎడారిలో పని, నెలనెలా పంపే డబ్బు లెక్క ఈ మాటలు లేకుండా చెప్పడం కుదరదు. ఒకప్పుడు ‘రెక్కల కష్టం’ తేటగీతిలోకి వచ్చినట్టే ఇప్పుడు ‘కఫీల్’ పల్లవిలోకి వచ్చింది.

నగరంలోని పనులకు ఇంకా ఆ దశ పూర్తిగా రాలేదు. ఐటీ ఆఫీసులో ‘బెంచ్’ మీద ఉండటం అంటే ప్రాజెక్టు లేక, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక ఎదురుచూడటం. డెలివరీ పనిలో ‘రేటింగ్’ పడిపోతే మర్నాటి సంపాదన తగ్గుతుంది. కాల్ సెంటర్లో రాత్రి షిఫ్టు ముగిసి క్యాబ్ దిగేసరికి ఇంటి ముందు పాలవాడు వచ్చి ఉంటాడు. ఈ మాటలను రోజూ వాడుతున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాటితో రాసిన కవితలు ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం బయటి నుంచి చూసి జాలిపడినవి: ఎండలో బండి మీద పోయే కుర్రాడు, చెమట, ఆకలి. సరిగ్గా రైతు మీద పద్యాలు మొదలైన రోజుల స్థితి ఇది. రేటింగ్ ఒక చుక్క తగ్గిన రాత్రి హోటల్ బయట బండి మీద కూర్చుని తర్వాతి ఆర్డర్ మోత కోసం చూస్తున్నవాడికి ఆ మోత ఎలా వినిపిస్తుందో అతనే రాయవలసి ఉంది.